మార్పిడి దరఖాస్తు నింపొద్దు

మా వీధి చివరింటి ఆడపిల్ల మూడేళ్ల లా కోర్సులో ఉంది. మొదటి ఏడాది ముగియవచ్చింది. తండ్రి గడ్డపోతారం పారిశ్రామికవాడలో ఒక కెమికల్ కంపెనీలో కాంట్రాక్టు లేబరు. నైట్ షిఫ్టు దిగి వచ్చి, స్నానం చేసినా వదలని మందుల వాసనతోనే బిడ్డను బండి మీద బస్టాపు దాకా దింపి వస్తాడు. రెండు నెలలుగా ఆ ఇంట్లో ఒకటే చర్చ. ఇప్పుడున్న కాలేజీ విడిచి పేరున్న ప్రైవేటు యూనివర్సిటీకి మారాలా, వద్దా? మేనమామ మారమన్నాడు. తోటి పిల్లలు మారమన్నారు. అడ్మిషన్లు చూసే ఏజెంటు ఒకాయన ఇంటికే వచ్చి, "గీ కాలేజీ పేరు జెప్తే రేపు కేసు ఎవలిస్తరు? ఉన్న జాగ అమ్మి అయినా మార్చుండ్రి" అని చెప్పిపోయాడు.

"నువ్వేమంటవ్ పెద్దనాయనా?" అని ఆ పిల్ల నన్నడిగింది. సంగారెడ్డి కోర్టులో చాలా ఏళ్లుగా నల్లకోటు వేసుకుని తిరుగుతున్నవాణ్ని కాబట్టి అడిగింది. వద్దన్నాను. ఎందుకు వద్దో ఆ గడపలో నిలబడి నాలుగు ముక్కల్లో చెప్పలేకపోయాను. ఇక్కడ చెబుతాను. ఆ సలహా ఆమె ఒక్కదానికే అందడం లేదు. బొల్లారం, జిన్నారం, పటాన్‌చెరు, ఇస్నాపూర్‌లలో లా చదువుతున్న పిల్లలందరి చెవుల్లోనూ అదే మాట పోస్తున్నారు. అది తప్పుడు మాట.

ఆ నమ్మకం ఎక్కడ పుట్టిందో నాకు తెలుసు. ఇంజినీరింగ్ కౌన్సెలింగ్‌లో పుట్టింది. పాతికేళ్లుగా మన ఇళ్లలో చదువంటే ర్యాంకు, ఆప్షన్లు, స్లైడింగ్. కాలేజీకి పేరుంటే కంపెనీ క్యాంపస్‌కు వస్తుంది, పేరు లేకుంటే రాదు. ఇంజినీరు విషయంలో ఆ లెక్క చెల్లుతుంది, ఎందుకంటే ఇంజినీరుకు పని ఇచ్చేది కంపెనీ. వకీలుకు పని ఇచ్చేది కక్షిదారు. భూమి తగాదాలో ఇరుక్కున్న రైతు వకాలత్ మీద వేలిముద్ర వేసేముందు "సార్, మీది ఏ యూనివర్సిటీ?" అని అడగడం నేను ఇన్నేళ్లలో ఒక్కసారీ వినలేదు. ఈయన జడ్జి ముందు నోరు విప్పుతాడా, వాయిదాకు వస్తాడా, ఫోనెత్తుతాడా అని మాత్రం ఊరంతా విచారించుకునే వస్తారు.

చట్టం కూడా ఆ రైతు అడిగినంతే అడుగుతుంది. 1961 నాటి అడ్వకేట్స్ చట్టం 24వ సెక్షన్ ప్రకారం బార్ కౌన్సిల్ గుర్తింపు ఉన్న లా డిగ్రీ ఉంటే చాలు, అది ఎక్కడిదన్న తారతమ్యం లేదు. ఎన్‌రోల్‌మెంట్ పేరుతో రాష్ట్ర బార్ కౌన్సిళ్లు వేలకు వేలు వసూలు చేస్తుంటే, 2024 జులై 30న సుప్రీంకోర్టు అడ్డుకట్ట వేసింది. చట్టంలో రాసి ఉన్న 750 రూపాయలు, ఎస్సీ ఎస్టీ అభ్యర్థులకు 125 రూపాయలు దాటి తీసుకోవడానికి వీల్లేదని చెప్పింది. పేదింటి పిల్లలకు ఈ వృత్తి గుమ్మం ఎత్తు కాకూడదని దేశంలోని అత్యున్నత న్యాయస్థానం అంత పట్టుబడితే, మన మేనమామలు లక్షలు పోసి ఆ గుమ్మాన్ని మళ్లీ ఎత్తు చేస్తున్నారు. ఇక ఆలిండియా బార్ ఎగ్జామ్ ఉంది. షామీర్‌పేట నల్సార్‌లో చదివినవాళ్లూ, ఉస్మానియా అనుబంధ కాలేజీలో చదివినవాళ్లూ దానికి ఒకే ప్రశ్నపత్రం రాస్తారు.

చదివే పాఠాలైనా వేరా అంటే, అదీ లేదు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008 నాటి న్యాయవిద్యా నిబంధనలు దేశంలోని ప్రతి లా కాలేజీకీ వర్తిస్తాయి. తప్పనిసరి పేపర్లు 20, ప్రాక్టికల్ పేపర్లు 4, ఐచ్ఛికాలు కనీసం 6. ఒప్పందాలు, రాజ్యాంగం, కుటుంబ చట్టం, నేర చట్టం, సివిల్ ప్రొసీజర్, పర్యావరణ చట్టం, కార్మిక చట్టం, అన్నీ ఇక్కడా ఉంటాయి, అక్కడా ఉంటాయి. పైగా 2024 జులై 1న ఐపీసీ, సీఆర్‌పీసీ, ఎవిడెన్స్ చట్టం పోయి మూడు కొత్త చట్టాలు వచ్చాయి. 2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. పెద్ద యూనివర్సిటీ ప్రొఫెసరూ, పక్క కాలేజీ లెక్చరరూ, నాలాంటి పాత వకీలూ, ఈ పిల్లా, అందరం ఒకే రోజున మళ్లీ మొదటి పేజీ తెరిచాం. ఇంతకంటే సమానమైన తరగతి గది నా జీవితంలో నేను చూడలేదు. ఇలాంటి సమయంలో ఒక ఏడాదిని టీసీల చుట్టూ తిరగడానికి ఖర్చుపెట్టమనడం నాకు మింగుడు పడదు.

తిరుగుడు ఎంతో మారమనేవాళ్లు చెప్పరు. పేపర్లు అవే అయినా ఒక్కో యూనివర్సిటీ వాటిని ఒక్కో వరుసలో పెట్టుకుంటుంది. ఇక్కడ రెండో సెమిస్టరులో చెప్పింది అక్కడ నాలుగులో ఉంటుంది. అక్కడ మొదటి సెమిస్టరులో అయిపోయింది ఈమె ఇంకా చదివి ఉండదు. కాబట్టి రెండు కాలేజీల ఎన్‌ఓసీలు, మైగ్రేషన్ సర్టిఫికెట్, మార్కుల మెమోలు పట్టుకుని ఏ పేపరుకు ఏది సమానమో తేల్చే కమిటీ ముందు నిలబడాలి. కుదరని పేపర్లన్నీ బ్యాక్‌లాగులై నెత్తిన పడతాయి. సబ్జెక్టుకు 70 శాతం హాజరు ఉండాలన్న నిబంధన ఈలోగా ఆగదు. కౌన్సెలింగ్‌లో వచ్చిన సీటుతోపాటు వచ్చిన ఫీజు రీయింబర్స్‌మెంట్ సీటు వదిలాక ఏమవుతుందో ఏజెంటు నోటి మాటగా కాదు, కాగితం మీద రాసిమ్మని అడగాలి. ఈ ఒక్క ప్రశ్నకు చాలామంది ఏజెంట్లు టీ కూడా తాగకుండా లేచిపోతారు.

"అయితే నేషనల్ లా యూనివర్సిటీకే మార్చేద్దాం" అనే మాట కూడా విన్నాను. ఆ దారి లేదు. నల్సార్ లాంటి చోట్ల అయిదేళ్ల కోర్సు తలుపు క్లాట్ ప్రవేశ పరీక్ష, అది మొదటి ఏడాదికే తెరుచుకుంటుంది. డిగ్రీ ఉంది కదా, మధ్యలో చేరతామంటే బార్ కౌన్సిల్ 13వ నిబంధన ఒప్పుకోదు. అయిదేళ్ల కోర్సులోకి పక్కదారిన ప్రవేశం నిషిద్ధమని అందులో సూటిగా ఉంది. అమెరికాలో ఉన్న మన బంధువులు "మా దగ్గర ఫస్ట్ ఇయర్ మార్కులతో పెద్ద స్కూలుకు మారిపోతారు" అని చెబుతారు. నిజమే. అక్కడ అది రాచబాట. ఏ లా స్కూలు ఎంతమందిని అలా చేర్చుకుందో ఏటా లెక్క ప్రకటించాలి కూడా. ఇక్కడ ఆ బాట వేయలేదు. వేయని బాట మీద బండి తోలమని పిల్లకు చెప్పకూడదు.

ఎదుటి వాదంలో ఒక్క బలమైన మాట ఉంది. దాన్ని దాటేయను. పెద్ద కార్పొరేట్ లా సంస్థలు నేషనల్ లా యూనివర్సిటీల క్యాంపస్‌లకే వెళ్లి పిల్లల్ని ఏరుకుంటాయి. కంపెనీల విలీనాలు, షేర్ల ఒప్పందాలు రాయాలని చిన్నప్పటినుంచీ కోరిక ఉన్నవాళ్లకు ఆ క్యాంపస్ పనికొస్తుంది. వాళ్లు ఇంటర్ తర్వాతే క్లాట్ రాయాలి. కానీ ఈ పిల్లకు ఏజెంటు చూపిస్తున్నది ఆ క్యాంపస్ కాదు. అద్దాల బిల్డింగు, ఏసీ మూట్ కోర్టు, లక్షల ఫీజు ఉన్న మరో చోటు. నేషనల్ లా యూనివర్సిటీల పేరు చెప్పి దీన్ని అమ్ముతున్నారు. నా పోట్లాట ఆ అమ్మకంతోనే.

ఇప్పుడు నా అసలు మాటకు వస్తాను. ఈ పిల్ల పుట్టిన చోటు ఆమె చదువుకు అడ్డు అని అందరూ అనుకుంటున్నారు. ఈ దేశంలో పర్యావరణ చట్టం నేర్చుకోవాలనుకునే విద్యార్థికి గడ్డపోతారానికి మించిన తరగతి గది అరుదు.

పటాన్‌చెరు, బొల్లారం, కాజీపల్లి, గడ్డపోతారం. ఈ పేర్లు మనకు బస్సు బోర్డులు. పర్యావరణ న్యాయానికి ఇవి కేసు పేర్లు. 1990లో ఇండియన్ కౌన్సిల్ ఫర్ ఎన్విరో లీగల్ యాక్షన్ అనే సంస్థ ఈ ప్రాంత కాలుష్యం మీద సుప్రీంకోర్టులో రిట్ పిటిషన్ వేసింది. నంబరు 1056. నక్కవాగు పొడుగునా పొలాలు పాడై, బావుల నీళ్లు రంగు మారి, పశువులు చనిపోయి, అవన్నీ కాగితాలై ఢిల్లీకి వెళ్లాయి. అక్కడ సుప్రీంకోర్టు ఏం చేసింది? పంట నష్టం ఎంతో, ఏ రైతుకు ఎంత రావాలో తేల్చడానికి సంగారెడ్డిలోని జిల్లా జడ్జినే విచారించి చెప్పమంది. ఢిల్లీకి నిజం కావలసి వచ్చినప్పుడు సంగారెడ్డి వైపే చూసింది. వాగు గట్టున రైతు చెప్పింది విని, పట్టాదారు పాసుపుస్తకం చూసి, ఎకరాకు ఎంత పోయిందో రాసిన పని ఈ కోర్టులో జరిగింది.

ఆ కేసు కూడా బదిలీల మీద బదిలీలు చూసింది. 2001లో సుప్రీంకోర్టు నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు వచ్చింది. అక్కడినుంచి చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లింది. 2017లో తీర్పు వచ్చింది. ఇరవై ఏడేళ్లు. కోర్టు మారినప్పుడల్లా కొత్త బెంచికి కథ మొదటినుంచీ చెప్పాలి. ఫైలు ఊరు మారింది. బావి మారలేదు, వాగు మారలేదు, సాక్షి మారలేదు. పటాన్‌చెరులో వైద్యం చేస్తూనే ఈ కాలుష్యం మీద దశాబ్దాలు పోరాడిన డాక్టర్ కిషన్‌రావు గారిని ఇక్కడివాళ్లు మరిచిపోరు. ఆయన దగ్గర ఉన్న బలం ఒక్కటే. రోగి ఏ ఊరివాడో, ఆ ఊరి నీళ్లు ఎక్కడినుంచి వస్తాయో ఆయనకు తెలుసు. ఊరు విడిచిపెట్టి వెళ్లినవాళ్లకు అది దొరకదు.

ఇదే సంస్థ వేసిన మరో కేసు రాజస్థాన్‌లోని బిచ్ఛ్రి గ్రామానిది. అక్కడా కెమికల్ ఫ్యాక్టరీలే, అక్కడా బావులే. 1996లో సుప్రీంకోర్టులో ఆ తీర్పు రాసినవారు మన తెలుగు న్యాయమూర్తి జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి. పాడుచేసినవాడే బాగుచేసే ఖర్చు భరించాలన్న సూత్రం మన దేశంలో ఆ తీర్పుతో గట్టిగా నిలబడింది. ఏ యూనివర్సిటీలో పర్యావరణ చట్టం చదివినా ఈ తీర్పు చదవాల్సిందే. ఆ తీర్పులో ఉన్న బావిని ఊహించుకోవడానికి వేరే ఊళ్ల పిల్లలు కష్టపడాలి. మా వీధి పిల్ల కిటికీ తెరిస్తే చాలు.

2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు వ్యర్థజలాల శుద్ధి కేంద్రం నుంచి బయటికి వస్తున్న నీళ్లను పరీక్షిస్తే, సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా తేలింది. ప్రపంచమంతా ఉలిక్కిపడింది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పటాన్‌చెరు-బొల్లారాన్ని తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో చేర్చింది. 2017లో గండిగూడెం చెరువులో చేపలు గుట్టలుగా చచ్చి తేలాయి. చేపల మీద బతికే కుటుంబాలు ఆ గట్టున కూర్చుని ఏడ్చాయి. వాళ్ల నష్టానికి ఎవరు పూచీ అన్నది చట్టపరమైన ప్రశ్నే. నీళ్ల శాంపిల్ ఎవరి ఎదుట తీశారు, సీసాకు సీలు ఎప్పుడు వేశారు, ల్యాబుకు ఎన్ని గంటలకు చేరింది? ఈ మూడింటి మీదే కేసు నిలుస్తుంది లేదా కూలుతుంది. రాత్రి వాన జోరుగా కురుస్తుంటే ఆ వానలో కలిపి వదిలిన వ్యర్థాలకు తెల్లారి పదింటికి శాంపిల్ తీస్తే ఏం దొరుకుతుంది? సాక్ష్య చట్టంలో ఇంతకంటే కష్టమైన పాఠం లేదు. ఆ వాసన ఏ పూట వస్తుందో, ఏ వైపు గాలికి వస్తుందో మా పిల్లకు పుట్టిన దగ్గరనుంచి తెలుసు. ఆ జ్ఞానాన్ని పక్కనపెట్టి వేరే ఊరి ఏసీ మూట్ కోర్టులో కల్పిత కేసు వాదించి రమ్మంటారా?

ఇంకొకటి. ఇది రాస్తుంటే చెయ్యి ఆగుతోంది. 2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచి ఫ్యాక్టరీ పేలింది. 50 మందికి పైగా కార్మికులు పోయారు. ఎక్కువమంది ఒడిశా, బిహార్, ఉత్తరప్రదేశ్ లాంటి చోట్లనుంచి పనికి వచ్చినవాళ్లు. 8 మంది ఆనవాళ్లు కూడా దొరకలేదు. మనిషి ఏడేళ్లు కనబడకపోతే, తన గురించి తెలియాల్సినవాళ్లకు ఏ కబురూ లేకపోతే, చనిపోయినట్టు భావించవచ్చని సాక్ష్య చట్టం చెబుతుంది. పాఠ్యపుస్తకంలో అది ఒక చిన్న సెక్షన్. పరీక్షలో అయిదు మార్కులు. పాశమైలారంలో ఎనిమిది ఇళ్లు. ఏడేళ్లు ఆగితే ఆ ఇళ్లలో పిల్లల బడి ఫీజు ఎవరు కడతారు? ఏడేళ్లు ఆగనక్కర్లేకుండా మరణాన్ని రుజువు చేసే మార్గమేది? హాజరు పట్టీలో పేరు, గేటు దగ్గర నమోదు, తోటి కార్మికుని మాట, వీటిలో ఏది ఎంత నిలుస్తుంది? భాష రాని ఒక తల్లి, మార్చురీ దగ్గర, చేతిలో ఆధార్ కార్డు పట్టుకుని నిలబడితే, ఆమె పక్కన నిలబడి దరఖాస్తు రాసిపెట్టడానికి ఒక లా విద్యార్థి కావాలి. ఆ విద్యార్థి పటాన్‌చెరులో ఉంటే పనికొస్తుంది. ఎక్కడో దూరాన ఉంటే ఆ వార్తను ఫోనులో చూసి బాధపడుతుంది, అంతే.

మారడానికి నిజమైన కారణాలు లేవని నేననడం లేదు. కాలేజీలో వేధింపులు ఉంటే, వినేవాళ్లు లేకుంటే, ఒక్కరోజు కూడా ఆగొద్దు. బార్ కౌన్సిల్ అనుమతి సందేహంలో పడిన కాలేజీ అయితే మారాలి. పెళ్లయి ఊరు మారిన ఆడపిల్ల, తండ్రి పోయి ఇంటి భారం మీద పడిన పిల్లవాడు మారాలి, వాళ్లకు యూనివర్సిటీలు దారి సులువు చెయ్యాలి. రోజుకు నాలుగైదు గంటలు బస్సుల్లోనే పోతుంటే అదీ కారణమే. అయితే అప్పుడు వెతకాల్సింది దగ్గరి కాలేజీ. ఖరీదైన కాలేజీ కాదు.

ఇక మన రెండు రాష్ట్రాల లా కాలేజీలకు ఉన్న పాత జబ్బు నాన్ అటెండింగ్. ఫీజు కట్టి, పరీక్షలకు మాత్రం వచ్చి, పట్టా పట్టుకుపోవడం. "క్లాసులే జరగవు, ఇంకెందుకు ఉండాలి?" అని పిల్లలు అడిగితే నాకు కోపం రాదు, సిగ్గు వేస్తుంది. ఈ వృత్తిలో ఉన్న మేమంతా దాన్ని చూస్తూ ఊరుకున్నాం. కానీ ఆ జబ్బుకు మార్పిడి మందు కాదు. క్లాసుకు నలుగురు రోజూ వెళ్లి కూర్చుంటే లెక్చరర్ రాక తప్పదు. రాకపోతే ప్రిన్సిపాల్‌కు, అక్కడ కాకపోతే యూనివర్సిటీకి రాతపూర్వకంగా పెట్టండి. హక్కు కోసం మొదటి అర్జీ తన కాలేజీ మీదే రాయడం లా విద్యార్థికి మంచి మొదలే. చదువుకునేవాళ్లు తలా ఒక దిక్కుకు మారిపోతే ఆ కాలేజీ పూర్తిగా నాన్ అటెండింగ్ వాళ్లదే అవుతుంది. ఆ తర్వాత వచ్చే పేద పిల్లకు ఖాళీ బెంచీలు మిగులుతాయి.

పేరు గురించి ఇంకా భయముంటే ఇద్దరి సంగతి చెబుతాను. జస్టిస్ ఎన్.వి. రమణ ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయంలో లా చదివారు. 1983లో న్యాయవాదిగా నమోదై, 2021లో భారత ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. బాలగోపాల్ కాకతీయ విశ్వవిద్యాలయంలో గణితం చెప్పిన అధ్యాపకుడు. ఉద్యోగం వదిలి, నడివయసులో లా పట్టా తీసుకుని, 2009లో కన్నుమూసేదాకా దిక్కులేనివాళ్ల కేసులు హైకోర్టులో వాదించారు. ఆయన లా పట్టా ఏ కాలేజీదని ఎవరైనా మాట్లాడుకోగా విన్నారా? ఆయన ఏ ఊరికి వెళ్లారు, ఎవరి ఇంటి ముందు కూర్చుని ఏం రాసుకున్నారు అన్నదే చెప్పుకుంటారు.

జడ్జి కావాలన్న కోరిక ఈ పిల్లకు ఉంది, నాకు చెప్పింది. 2025 మే 20న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాయాలంటే కనీసం మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలి. ఆ ప్రాక్టీసు నిజమేనని పదేళ్ల అనుభవమున్న న్యాయవాది గానీ, ఆ కోర్టు ముఖ్య న్యాయాధికారి గానీ ధ్రువీకరించాలి. అంటే ఆమెకు కావలసింది ఒక కోర్టు, ఆ కోర్టులో ఆమెను రోజూ చూసే మనుషులు. బెంచి క్లర్కు పేరు, కాపీ సెక్షన్ పని తీరు, ఏ సీనియర్ దగ్గర క్రాస్ ఎగ్జామినేషన్ వినాలో, ఏ సీనియర్ డ్రాఫ్టింగ్ చదవాలో, ఇవన్నీ ఒకచోట ఉండి సంపాదించుకోవాలి. ఏజెంటు ఇవ్వలేడు.

కాబట్టి బిడ్డా, నీకూ మీ నాయనకూ నా మాట ఇది. ఆ జాగ అమ్మొద్దు. మూడేళ్ల కోర్సులో కనీసం 12 వారాల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి. అందులో మొదటి నాలుగు వారాలు ఈ సెలవుల్లోనే సంగారెడ్డిలో చెయ్యి. రెండోసారి జిల్లా న్యాయసేవాధికార సంస్థలో చెయ్యి. పొద్దున్నే జిల్లా కోర్టు మెట్ల దగ్గరికి రా, కాజ్ లిస్ట్ చదవడంతో మొదలుపెడదాం. రిట్ పిటిషన్ 1056 కాగితాలు నా దగ్గర ఉన్నంతవరకూ ఇస్తాను. ఏజెంటు ఇచ్చిపోయిన దరఖాస్తు ఇంకా మీ ఇంట్లో టీవీ మీదే ఉందని విన్నాను. దాన్ని వెనక్కి ఇచ్చెయ్యండి.